గుఱ్ఱమునకు దాణా



తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రాత్రి శ్రీవారు అశ్వవాహనము నధిరోహించి మాడవీథులలో ఊరేగుదురు. ఆ వాహనము దాణా అడుగదు. ప్రాణమున్న గుఱ్ఱము అట్లు కాదు. పరుగెత్తినను, శాలలో ఊరక నిలిచినను దానికి పూటపూటకు మేత కావలెను. "గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తప్పదు" అని మనవా రందుకే అనిరి. ఈ సామెతను నేడు దండుగ ఖర్చును ఎత్తిపొడుచుటకు వాడుచున్నారు. దానియందొక ధర్మము కూడ నున్నదని మా అభిప్రాయము.

కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము మఱుగున నుండి, 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు చేరిన ప్రతివలన వెలికివచ్చి, 1909లో శామశాస్త్రిగారిచే ప్రకటింపబడినది. అందు రెండవ అధికరణములో అశ్వాధ్యక్షప్రకరణము కలదు. ఉత్తమాశ్వమునకు రెండు ద్రోణముల ధాన్యము పెట్టవలెను. అది వరియో, యవలో, కొఱ్ఱలో కావచ్చును. పెసలు, మినుములు ఉడికించియు పెట్టవచ్చును. దానిపై ప్రస్థము నెయ్యి లేక నూనె, 5 పలముల ఉప్పు, 50 పలముల మాంసము, ముద్దలు తడుపుటకు రెండాఢకముల పెరుగు, త్రాగుటకు ప్రస్థము సుర, కానిచో రెండు ప్రస్థముల పాలు. పచ్చిమేత వేఱు. మాంసము, సుర అను మాటలు విని మీలో కొందఱు ముఖము చిట్లింతురు. శాస్త్రములో నున్నదానిని మేము దాచము.

ద్రోణమునకు 16 ప్రస్థములు. ఆ గ్రంథమందే ఒక ఆర్యుని భోజనమునకు ప్రస్థము బియ్యము విధింపబడినది. అనగా ఒక్క గుఱ్ఱము గింజలు 32 భోజనముల గింజలకు సమానము! దీనికితోడు గడ్డి తెచ్చువాడు, దాణా వండువాడు, వెండ్రుకలు కత్తిరించువాడు, శాలను కాచువాడు, విషవైద్యుడు ఉండవలెను. చికిత్సలోని లోపమువలన రోగము ముదిరినచో వైద్యపు ఖర్చునకు రెట్టింపు దండుగ చెల్లింపవలెను. గుఱ్ఱమే చెడినచో దాని వెల నిచ్చుకొనవలెను.

ఇంత పిసరు పిసరుగా లెక్కగట్టినవాడు పనికిరాని గుఱ్ఱమును గూర్చి యేమనెను? కౌటిల్యుని కఠినుడని లోకము తలచును. అతడు యుద్ధముచేతను, రోగముచేతను, ముసలితనముచేతను క్షీణించిన గుఱ్ఱములను పిండగోచరికములుగా నుంచుమనెను. అనగా పని లేకున్నను తిండి పొందదగినవి. యుద్ధమునకు కొఱగాని మగగుఱ్ఱములను పౌరజానపదుల మేలుకొఱకు ఆడుగుఱ్ఱములతో కూర్పుమనెను.

ఈ భావము అతనితో పుట్టినది కాదు. అశ్వమేధాశ్వము ఏడాదికాలము స్వేచ్ఛగా మేయుచు తిరుగునని, దానివెంట నూర్గురు చొప్పున నాలుగు తెగల రక్షకులుందురని శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. రక్షకుల సంగతి పురాణకథలు విన్న మీకు తెలిసినదే. అలసి సొలసిన నూఱు గుఱ్ఱములను కూడ తోడు విడువవలెనని అచ్చటనే యున్నది. వాని మాట ఎవ్వరును తలపెట్టరు. యాగాశ్వము మేసిన పచ్చికనే అవియు ఏడాది పొడుగున మేసెడివి.

తరువాతి కాలమున దక్షిణదేశపు రాజులకు మేలుజాతి గుఱ్ఱములు సముద్రము దాటి రావలసివచ్చెను. 1292 ప్రాంతమున పాండ్యదేశమును చూచిన మార్కోపోలో, ఏటేట వేలకొలది కొన్నను సంవత్సరాంతమునకు నూఱైనను మిగులవని వ్రాసెను. ఉడికించిన అన్నమును మాంసమును పెట్టుట అతనికి వింతయయ్యెను. అర్థశాస్త్రము నెఱిగిన మనకు అది వింత గాదు. లాడములు కొట్టువాడు, సంరక్షణ తెలిసినవాడు లేడని అతడే చెప్పినది అసలు కొఱత.

పారశీక చరిత్రకారుడు వస్సాఫు లెక్క మఱియు విచారింపదగినది. 13వ శతాబ్దిలో అతాబకు అబూబక్రు కాలమున ఏటా 10,000 గుఱ్ఱములు పాండ్యతీరమునకు, కంబాయతు మున్నగు రేవులకు వచ్చెడివట. వాని వెల 22 లక్షల దీనారములు. రాజుల బొక్కసమునకు భారము లేకుండ, ఆ సొమ్ము ముఖ్యముగా హిందూ దేవాలయముల మాన్యముల రాబడినుండి చెల్లెడిదని అతడు వ్రాసినాడు. దీపమునకు, నైవేద్యమునకు దాతలిచ్చిన భూముల పంట ఆ విధముగ ఓడలెక్కినది.

విజయనగరమున సాళువ నరసింహరాయలు గుఱ్ఱముల వర్తకులు వెనుదీయకుండుటకై, దారిలో చచ్చినవానికిని వెల యిచ్చెడివాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజు తెలిపెను. సముద్రములో చచ్చినదాని తోక తెచ్చి చూపినచో, బ్రతికియున్న గుఱ్ఱమునకు వలెనే సొమ్ము లెక్కించి యిచ్చెడివారట.