గుత్తేదారు మాట, కొలతల పుస్తకం

1859 జనవరిలో బొంబాయి–పుణే దారిలోని బోర్ ఘాట్‌లో రైలుమార్గం కూలీలు తిరగబడ్డారు. సహ్యాద్రి కొండలను తొలిచి, పాతిక సొరంగాలతో దారి వేస్తున్న మహాకార్యం అది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే ఆ పనిని విలియం ఫ్రెడరిక్ ఫేవియెల్ అనే ఆంగ్ల కాంట్రాక్టరుకు అప్పగించింది. ఆ ఎంపికలో తొందరపాటు ఏమీ లేదు. 1853లో తొలి రైలు నడిచిన బొంబాయి–ఠాణే మార్గాన్ని కట్టిన ఇద్దరు భాగస్వాముల్లో అతడొకడు. అనుభవం ఉంది, చూపించడానికి పూర్తయిన పని ఉంది, పేరు ఉంది. ఈనాడు ఇల్లు కట్టుకోబోయే గృహస్థుకు బంధుమిత్రులు చూడమని చెప్పే మూడు లక్షణాలూ అతనిలో ఉన్నాయి. అయినా పని అడ్డం తిరిగింది. కంపెనీ నుంచి కాంట్రాక్టరుకు, అతని నుంచి ఉపకాంట్రాక్టర్లకు, వారి నుంచి ముఠా మేస్త్రీలకు, చివరికి కూలీ చేతికి దిగవలసిన సొమ్ము దారిలోనే ఆగిపోతూ వచ్చింది. కూలి సక్రమంగా అందని జనం కర్రా రాయీ పట్టారు. ఆ ఏడాదే ఫేవియెల్ కాంట్రాక్టు వదులుకున్నాడు.

అతని స్థానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ ఈ నేల మీద అడుగుపెట్టిన కొద్ది రోజులకే మరణించాడు. ఆ కాంట్రాక్టు భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ పేరు మీదికి వచ్చింది. ఆమెను ఏ టెండరూ ఎంపిక చేయలేదు. పని తెలిసిన ఇద్దరు ఇంజనీర్లకు నిర్వహణ అప్పగించి ఆమె తన బాధ్యత నెరవేర్చింది. 1863లో ఘాట్ మీదుగా రైలు నడిచింది.

కాంట్రాక్టరు ఎంపిక గురించి ఈ దేశంలో జరిగే చర్చ ఇప్పటికీ పేరు చుట్టూ, రేటు చుట్టూ తిరుగుతుంది. బోర్ ఘాట్ చెప్పేది వేరు. యజమాని ఇచ్చిన రూపాయి ఎవరి చేతుల మీదుగా, ఎంత ఆలస్యంగా, ఎంత తరిగి పనివాడికి చేరుతుందన్నదే ఆ కాంట్రాక్టరు నమ్మకానికి అసలు కొలత. దక్కనులోనూ దక్షిణాదిలోనూ రైలుమార్గాల మట్టిపని, రాతిపని చేసిన వడ్డెరలకు ఈ సంగతి పుస్తకాలు చదవకుండానే తెలుసు. బ్రిటిష్ వారి రాతల్లో ‘వడ్డర్లు’గా కనిపించే ఆ కుటుంబాలు పని వెంట ఊళ్లు దాటుతూ బతికిన కుటుంబాలు.

తెలుగులో కాంట్రాక్టరుకు గుత్తేదారు అన్న మాట ఊరకే రాలేదు. గోల్కొండ పాలనలో భూమి పన్ను వసూళ్లను వేలం వేసి, ఎక్కువ పాడిన వాడికి గుత్తకిచ్చేవారు. పాట సొమ్ము మీద లాభం రాబట్టుకోవడానికి అతడు రైతును పిండేవాడు. నిర్మాణపు గుత్తలో దిశ మాత్రమే మారింది. ఇక్కడ తక్కువ పాడిన వాడికి పని దక్కుతుంది. తగ్గించుకున్న సొమ్మును అతడు సిమెంటులోనో, ఇనుములోనో, కూలిలోనో రాబట్టుకుంటాడు. రెండు గుత్తల్లోనూ బేరం పైవాళ్ల మధ్య జరుగుతుంది, భారం కిందివాళ్ల మీద పడుతుంది.

ఈ బెడద రాజ్యానికి త్వరగానే అర్థమైంది. 1854లో డల్హౌసీ కాలంలో సైనిక బోర్డు చేతుల్లోంచి నిర్మాణ పనులను తప్పించి పబ్లిక్ వర్క్స్ శాఖను ఏర్పరచారు. తరువాతి దశాబ్దాల్లో ఆ శాఖ తనను తాను కాపాడుకోవడానికి ఒక్కొక్కటిగా పనిముట్లు సమకూర్చుకుంది: అంచనా పత్రం, ధరల పట్టిక, టెండరుతో పాటు ధరావతు, స్థాయిని బట్టి కాంట్రాక్టర్ల నమోదు, ప్రతి బిల్లు నుంచి కొంత మినహాయించి లోపాలు బయటపడే గడువు ముగిసేదాకా అట్టిపెట్టడం. వీటన్నిటిలో ఘనమైనది కొలతల పుస్తకం. జరిగిన పనిని కిందిస్థాయి ఇంజనీరు కొలిచి అందులో రాస్తాడు, పై అధికారి కొంత భాగాన్ని మళ్లీ కొలిచి సరిచూస్తాడు. పుటలకు వరుస సంఖ్యలుంటాయి, పుట చింపడానికి వీల్లేదు, తప్పు రాస్తే చెరిపేయకుండా కొట్టివేసి సంతకం చేయాలి. ‘ఎం–బుక్కు’ అని తెలుగు జిల్లాల్లో చిన్న కాంట్రాక్టరు కూడా భయంతోనో లౌక్యంతోనో పలికే మాట ఇదే. అందులో అబద్ధాలు రాయరని కాదు. రాసిన అబద్ధం కింద ఒక మనిషి సంతకం ఉంటుంది.

1911 డిసెంబరు దర్బారులో రాజధాని మార్పు ప్రకటన వెలువడ్డాక కట్టిన కొత్త ఢిల్లీ ఈ పద్ధతికి పెద్ద పరీక్ష. నేటి రాష్ట్రపతి భవన్ ప్రధాన భాగం పని హరూన్ అల్ రషీద్‌కు, దాని ముందరి ప్రాంగణం సుజాన్ సింగ్, శోభా సింగ్ అనే తండ్రీకొడుకులకు దక్కింది. సుజాన్ సింగ్ కుటుంబం షాపూర్ జిల్లా హడాలీ గ్రామం నుంచి వచ్చింది. కల్కా–షిమ్లా రైలుమార్గపు పనుల్లో చేయి తిరిగింది. లుట్యెన్స్, బేకర్ల పేర్లు చరిత్రలోకి ఎక్కినంతగా చీఫ్ ఇంజనీరు హ్యూ కీలింగ్ పేరు ఎక్కలేదు. కాంట్రాక్టరుకూ ఖజానాకూ మధ్య నిలబడి పనిని కొలిపించే బాధ్యత ఆయన శాఖది. గీసేవారు ఒకరు, కట్టేవారు మరొకరు, కొలిచేవారు ఇంకొకరు. ఆ విభజన మీదే ఆ నగరం లేచింది.

స్వాతంత్ర్యం తరువాత కొంతకాలం ‘నమ్మకమైన కాంట్రాక్టరు’ అన్న మాటకు అర్థమే మారిపోయింది. సిమెంటు మీద నియంత్రణ ఉన్న రోజుల్లో పర్మిట్లు తేగలిగినవాడే సమర్థుడు. ఆ వ్యవస్థ ఎంత ఎత్తుకు పాకిందో 1982 జనవరిలో దేశం చూసింది. బిల్డర్లకు సిమెంటు కేటాయింపులకూ ట్రస్టుకు విరాళాలకూ ముడిపెట్టారని బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పాక మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతూలే రాజీనామా చేశారు. ఆ ఏడాదే సిమెంటు నియంత్రణ పాక్షికంగా సడలింది, 1989లో పూర్తిగా తొలగింది. బస్తా బజారులో దొరకడం మొదలైంది. కాంట్రాక్టరును పలుకుబడితో తూచే అలవాటు మాత్రం అంత సులువుగా వదల్లేదు.

తక్కువ రేటుకే పని అన్న సూత్రం కూడా రాజ్యాన్ని ఇబ్బంది పెడుతూనే ఉంది. 2020 సెప్టెంబరులో కొత్త పార్లమెంటు భవనానికి టాటా ప్రాజెక్ట్స్ 861.90 కోట్లకు, ఎల్ అండ్ టీ 865 కోట్లకు ముందుకొచ్చాయి. మూడు కోట్ల పైచిలుకు తేడాతో నిర్ణయం తేలిపోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ, అత్యల్ప ధర ఒక్కటే ప్రమాణం కానక్కరలేదనీ, కొన్ని పనుల్లో నాణ్యతకు 30 శాతం వరకు విలువ ఇవ్వవచ్చనీ ఆదేశాలిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఒక ప్రభుత్వం రివర్స్ టెండరింగ్ తెచ్చింది, 2024లో మరో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. నూట డెబ్బై ఏళ్ల అనుభవం, వేలమంది ఇంజనీర్లు, ఆడిట్ వ్యవస్థ ఉన్న రాజ్యానికే ఇంత తర్జనభర్జన.

మరి జీవితంలో ఒక్కసారి, పొదుపంతా ధారపోసి, రెండువందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకునే గుమాస్తా మాటేమిటి? రాజ్యం తన కోసం తయారుచేసుకున్న పనిముట్లలో ఒక్కటీ అతనికి అందించలేదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. చెల్లుతుంది సరే, రుజువేది? గృహనిర్మాణం సేవ కిందికి వస్తుందని 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అదే ఏడాది వినియోగదారుల చట్టంలోనూ ఆ మాట చేరింది. వినియోగదారుల కమిషన్ తలుపు తెరుచుకుంది కానీ, ఆ గుమ్మం ఎక్కడానికి కాగితాలు కావాలి. ఇక 2016 నాటి రెరా చట్టం అపార్టుమెంటు కొనేవారికి నిజమైన రక్షణే ఇచ్చింది: వసూలైన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి, నిర్మాణ లోపాలకు ఐదేళ్లు బిల్డరే బాధ్యుడు. అయితే ఆ చట్టం అమ్మకానికి కట్టే ప్రాజెక్టుల కోసం. సొంత స్థలంలో మేస్త్రీ చేత ఇల్లు కట్టించుకునే మనిషి దాని చూపులోనే లేడు. కట్టడాల్లో పెద్ద భాగం ఇలాంటి ఇళ్లే అయిన దేశంలో ఇది చిన్న ఖాళీ కాదు.

మేస్త్రీ అన్న పదాన్ని పోర్చుగీసు వారి నుంచి అరువు తెచ్చుకున్నాం. శాఖ పద్ధతులనూ గృహస్థు అలాగే అరువు తెచ్చుకోవలసి ఉంది. తెలుగు పట్టణాల్లో ఒప్పందం ‘చదరపు అడుగుకు ఇంత’ అన్న ఒక్క వాక్యంతో మొదలవుతుంది. బాల్కనీ, మెట్లు ఆ అడుగుల్లోకి వస్తాయా, సంపు, ప్రహరీ వేరేనా అన్నవి గొడవ ముదిరాక గుర్తొస్తాయి. శాఖ భాషలో ఇది అంచనా పత్రం లేని పని. అడ్వాన్సు పెద్దదై, దశలు లెక్కలేకుండా పోతే, ఒకరి పునాది సొమ్ము మరొకరి ఇంటి టైల్స్‌కు చేరుతుంది. అందుకే కాంట్రాక్టరు చూపించే పూర్తయిన ఇంటికన్నా సగంలో ఉన్న ఇల్లు ఎక్కువ చెబుతుంది. అక్కడి తాపీ పనివాళ్లను శనివారం కూలి శనివారమే అందుతోందా అని అడగాలి, ఇనుము కొట్టువాణ్ణి ఖాతా ఎన్నాళ్ల నుంచి బాకీ ఉందో అడగాలి. ఫేవియెల్ విషయంలో రైల్వే కంపెనీ వేయకుండా వదిలిన ప్రశ్నలివి. కొలిచే మనిషి కాంట్రాక్టరు మనిషి కాకూడదు; ఇంజనీరుకు విడిగా ఇచ్చే ఫీజు దండగని చాలా కుటుంబాలు భావిస్తాయి, ఆ ఫీజే వారి కొలతల పుస్తకం.

శాఖ నియమాల్లో మరొకటి ఉంది: కప్పుబడిపోయే పనిని కప్పకముందే కొలవాలి. స్లాబు పోశాక లోపలి ఇనుము ఎన్ని అంగుళాల దూరంలో ఉందో, ఎంత మందమో ఎవరికీ కనపడదు. ప్రభుత్వ కట్టడంలో మిల్లరు తిరగకముందు ఇంజనీరు టేపు పట్టుకుని పైకెక్కాలన్నది నియమం. సొంత ఇంటి దగ్గర ఆ ఉదయం ఇల్లంతా సందడిగా ఉంటుంది. కొబ్బరికాయ కొడతారు, పనివాళ్లకు భోజనాలు వండిస్తారు, బంధువులు ఫొటోలు దిగుతారు. కొలతలు తీసేందుకు పైకి ఎక్కేవారు మాత్రం తక్కువ.