భోజనవేళ పరిశోధక గోష్ఠి

పరిశోధన ఏకాంతమున పండునని లోకమున నొక నమ్మకము గలదు. ఆచార్యుని పర్యవేక్షణము, గ్రంథాలయము, ప్రయోగశాల లభించినచో విద్యార్థి సిద్ధాంతవ్యాసము తనంతట సిద్ధించునని పలువురు తలంతురు. కాని పాశ్చాత్య విశ్వవిద్యాలయముల చరిత్రను పరిశీలించినచో, ఇంకను పచ్చిగానున్న యూహను తోడి విద్యార్థుల యెదుట నిర్భయముగ విప్పి చెప్పుకొనుటకు దగిన తావు ఏర్పడుటకు వందలయేండ్లు పట్టినదనియు, ఆ తావు తుదకు మధ్యాహ్న భోజనపు బల్లయొద్ద కుదురుకొన్నదనియు తేటపడును.

మధ్యయుగమున పారిస్, ఆక్స్‌ఫర్డు విద్యాపీఠములందు వాదప్రతివాదములు చదువునకు ప్రధానాంగములు. శిష్యుడు పూర్వపక్షమునకు సమాధానము చెప్పెడివాడు. తుది నిర్ణయము గురువుదే. 1810లో స్థాపితమైన బెర్లిన్ విశ్వవిద్యాలయమున చరిత్రకారుడు రాంకే, కొలదిమంది శిష్యులను తన ఇంటనే కూర్చుండబెట్టుకొని, మూలపత్రములను శోధింపజేసి, వారి వ్యాసములపై చర్చ నడపుటతో సెమినారు పద్ధతికి ప్రతిష్ఠ గలిగినది. జర్మనీలో చదివివచ్చిన హెర్బర్ట్ బాక్‌స్టర్ ఆడమ్స్ దానిని 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు దెచ్చెను. తరువాత అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ అట్టి బల్లచుట్టు కూర్చున్న విద్యార్థులలో నొకడు. అయినను బల్లకొస నాచార్యుడున్నంతకాలము విద్యార్థి చూపు ఆయన ముఖముమీదనే నిలుచుట సహజము.

ఆ చూపును సహచరులవైపు మరల్చిన ఖ్యాతి కేంబ్రిడ్జిలో చదువుచుండిన రష్యన్ యువకుడు పీటర్ కపిత్సాకు చెందవలెను. 1895లో ఆ విశ్వవిద్యాలయము ఇతర విద్యాపీఠముల పట్టభద్రులను పరిశోధక విద్యార్థులుగ చేర్చుకొన నారంభించిన పిమ్మట అచటి భౌతికశాస్త్ర విభాగమగు కావెండిష్ ప్రయోగశాలకు నానాదేశముల యువకులు వచ్చిచేరిరి. రూథర్‌ఫర్డు అను భౌతికశాస్త్రజ్ఞుడు వారిలో మొదటి జట్టువాడు. అచటి ఆంగ్ల విద్యార్థులు బిడియముచేత నోరు మెదపకుండుట చూచి, కపిత్సా తానింకను డాక్టరేటు పొందకమునుపే, 1922లో, సాయంకాలపు గోష్ఠి నొకదానిని నెలకొల్పెను. ఉపన్యాసకుని నడుమ నాపి ప్రశ్నించుట యచట దోషము గాదు, అదియే మర్యాద. న్యూట్రాన్‌ను కనుగొన్న ఛాడ్విక్ 1932 ఫిబ్రవరిలో ఆ వృత్తాంతమును ఈ మిత్రగోష్ఠిలోనే వివరించెను.

సాయంకాలపు గోష్ఠి మధ్యాహ్న భోజనవేళకు మారిన తీరునకు నిదర్శనముగ నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము 1957 జనవరి 4, శుక్రవారమున న్యూయార్కునందు జరిగినది. కొలంబియా భౌతికశాస్త్రజ్ఞులు శుక్రవారములందు ఆచార్య లీతో చీనా భోజనశాలకు బోయి, భుజించుచు పరిశోధనలను ముచ్చటించుకొనెడివారు. ప్రకృతికి కుడియెడమల భేదము లేదను పారిటీ నియమము కొన్ని సూక్ష్మకణ ప్రక్రియలందు చెల్లకపోవచ్చునని లీ, యాంగ్ అను నిరువురు 1956లో సూచించియుండిరి. ఆచార్య ఛియెన్-షియుంగ్ వూ కోబాల్టుతో చేయుచున్న ప్రయోగమున ఆ సూచనకు బలము చేకూరుచున్నదని యా మధ్యాహ్నము లీ తెలిపెను. అది వినిన కొలంబియా శాస్త్రజ్ఞుడు లెడర్‌మన్ మనసున, మ్యూయానులు అను సూక్ష్మకణములతో దీనిని శీఘ్రముగ తేల్చవచ్చునను తలంపు మెదలగా, ఆయన గార్విన్ అను శాస్త్రజ్ఞుని తోడు చేసికొని, మార్సెల్ వైన్‌రిక్ అను పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతవ్యాసము కొఱ కమర్చుకొనిన పరికరములనే మార్చి, మంగళవారము తెల్లవాఱునప్పటికి ఫలితము సాధించెను. ప్రకటితమైన పత్రముపై విద్యార్థి పేరును నిలిచినది. లీ, యాంగులకు ఆ సంవత్సరమే నోబెల్ బహుమానము లభించినది. ఆనాటి మాట నెలల తరువాత పత్రికలో అచ్చుపడువఱకు ఆగియున్నచో ఈ వేగము సాధ్యమై యుండెడిది గాదు.

ఇట్టి ముచ్చటలకు తావు కల్పించుటకే, మరల కేంబ్రిడ్జిలో, 1962లో తెఱువబడిన అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో మాక్స్ పెరుట్జ్ భోజనశాలకు విశేషస్థాన మిచ్చెను; దాని నిర్వహణము ఆయన భార్య గిసెలా చేపట్టినది.

ఇప్పుడు బ్రౌన్ బ్యాగ్ సెమినారని అమెరికాలో ప్రసిద్ధమైనది ఈ సంప్రదాయపు నిరాడంబర రూపము. ఎవరి భోజనము వారు తెచ్చుకొందురు; ఒక విద్యార్థి తన పనిని చెప్పును; తక్కినవారు తినుచు విందురు, అడుగుదురు. దీనికి ప్రత్యేకధనము అక్కఱలేదు. సాయంకాలము బిడ్డలను చూచుకొనవలసిన తల్లియైన విద్యార్థినియు దీనిలో పాల్గొనగలదు. ఇది చిన్న ప్రయోజనము గాదు. ఇతరశాఖలవారు వచ్చినపుడు తన విషయమును సులభశైలిలో చెప్పవలసివచ్చుటచే, చెప్పువానికే తన వాదములోని లోపము ముందుగ కనబడును. విదేశములందు చదువు తెలుగు విద్యార్థులు పెరుగన్నపు డబ్బాతో ఇట్టి గోష్ఠులకు పోవుచునే యున్నారు.

ఇక మన విశ్వవిద్యాలయముల మాటకు వచ్చినచో, ఉస్మానియా 1918 నాటిది, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 నాటిది, హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974 నాటిది. వీనియందలి ప్రతిశాఖయు వారమునకొక మధ్యాహ్నమును విద్యార్థులకే విడిచిపెట్టవలెననియు, ఆచార్యులు వచ్చినచో చివర మాత్రమే మాటాడవలెననియు, ఆ సంభాషణము తెలుగున సాగుటకును చోటీయవలెననియు నా మనవి.