సిటీ కాలేజీ కాల్పులు - 1952



బాలాపూర్ నుంచి పాత నగరానికి పోయినప్పుడు మూసీ ఒడ్డున సిటీ కాలేజీని మనమంతా చూస్తూనే ఉంటాము. పక్కనే హైకోర్టు భవనం. నది దాటితే ఉస్మానియా ఆసుపత్రి. 1952 సెప్టెంబరులో మన నగరం ఏడ్చిన సంగతి ఈ మూడు కట్టడాల మధ్యనే జరిగింది. మన పిల్లలలో చాలామందికి అది తెలియదు.

"ముల్కీ" అంటే ఈ ముల్కువాడు. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం సంస్థానంలో సర్కారు నౌకరీ ముల్కీలకే దక్కాలి. ఇక్కడ పుట్టినవారే కాదు, పదిహేనేళ్ళు ఇక్కడ కాపురమున్నవారు కూడా ముల్కీలే. 1948 పోలీసు చర్య తర్వాత పొరుగు రాష్ట్రాల నుంచి ఉద్యోగులు వచ్చారు. ఉర్దూలో దఫ్తరు నడిపినవారు వెనకబడిపోయారు. ముస్లిం ఉద్యోగులలో చాలామంది కొలువులు పోగొట్టుకున్నారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు కొడుతున్నారని జనం మండిపడ్డారు.

1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గం ఏర్పడింది. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం గదా, మన మొర వింటుందని ఆశపడ్డారు. వరంగల్లులో మొదలైన విద్యార్థుల ఆందోళన నగరానికి పాకింది. "నాన్ ముల్కీ గో బ్యాక్", "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని అరిచారు. ఆ రెండో నినాదం మనకు గర్వకారణం కాదు. పొట్టకూటికి వచ్చిన గుమాస్తా మన శత్రువు కాడు. అయినా నినాదానికి జవాబు తూటా కారాదు.

సెప్టెంబరు 3న సిటీ కాలేజీ, పత్తర్‌గట్టీ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరిపారు. మర్నాడు మృతదేహాలను అప్పగించమంటూ ఉస్మానియా ఆసుపత్రి దగ్గర జనం పోగయ్యారు. ఆ రోజూ తుపాకులు పేలాయి. కర్ఫ్యూ పెట్టారు. రెండు రోజుల్లో పలువురు చనిపోయారు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. బిడ్డ జనాజాను నలుగురూ కలిసి మోసుకుపోయే హక్కు కూడా అడిగి తెచ్చుకోవలసి వస్తే ఆ తల్లిదండ్రుల గతి ఏమిటో ఆలోచించండి.

తర్వాత ఏమైంది? ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డిగారితో విచారణ జరిపించింది. పోలీసులు ఎందుకు కాల్చారో చెప్పుకోవలసి వచ్చింది.

ఇది చిన్న విషయమని అనుకోవద్దు. దక్షిణాఫ్రికా సంగతి చూడండి. అక్కడ మనిషి రంగును బట్టి చట్టం ఉండేది. నల్లవారు పాసు పుస్తకం లేనిదే కదలరాదు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో దాన్ని ఎదిరించి నిలిచిన జనం మీద పోలీసులు కాల్చారు. అధికారిక లెక్కనే 69 మంది చనిపోయారు. ఎక్కువమందికి తూటాలు వీపున తగిలాయి, అంటే పారిపోతున్నవారిని కాల్చారన్నమాట. ఆ పైన అక్కడి ప్రభుత్వం ఉద్యమ సంస్థలను నిషేధించింది. 1961లో తన అధికారులపై దావాలు చెల్లకుండా ఏకంగా చట్టమే చేసింది. చివరకు 1996లో నెల్సన్ మండేలా కొత్త రాజ్యాంగంపై సంతకం పెట్టడానికి ఆ షార్ప్‌విల్‌కే వెళ్ళారు.

మన దగ్గర చట్టం అంత దిగజారలేదు. కాని విచారణతోనే న్యాయం జరిగిపోదు. కాల్పులపై విచారణ జరిగింది గాని, కొలువుల మొర తీరలేదు. 1956లో పెద్దమనుషుల ఒప్పందంలో మాట ఇచ్చారు. ఆ మాట తప్పారని 1969లో మళ్ళీ విద్యార్థులే వీధికెక్కారు, మళ్ళీ కాల్పులే. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చి వాటిని తొలగించింది. 2014లో రాష్ట్రమే వేరైంది. ఒక్క ఫిర్యాదును సకాలంలో వినకపోతే ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆరిపోతాయో చూశారా!

ఆనాటి విద్యార్థులలో ఎవరైనా మిగిలి ఉంటే వారికి తొంభై ఏళ్ళు దాటి ఉంటాయి. మీ ఇంటి పెద్దలు ఆ రోజుల ముచ్చట చెబితే కాగితం మీద పెట్టండి. కాల్చినవారి వివరాలు సర్కారు దఫ్తరులో భద్రంగానే ఉంటాయి. చనిపోయినవారి వివరాలు మాత్రం మనమే దాచుకోవాలి.