ఫ్లూ వెనకే వచ్చే బూజు

హైదరాబాద్‌లో లక్డీకాపూల్ నుంచి రెడ్‌హిల్స్ వైపు వెళితే నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరదగ్గరగా ఉంటాయి. కీమోతో తెల్లకణాలు పడిపోయిన రోగి ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పట్టే ముప్పు ఉందని క్యాన్సర్ వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. నిన్నటిదాకా బాగానే ఉండి, ఫ్లూతో వెంటిలేటర్ మీదికి చేరిన మనిషికీ అదే ముప్పని వైద్యలోకం గట్టిగా నమ్మడానికి మాత్రం అరవై ఏళ్లు పట్టింది.

ఆస్పర్‌జిల్లస్‌కు 1729లో పేరు పెట్టింది ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు మికేలి. మనిషి ఊపిరితిత్తుల్లో దాన్ని 1856లో విర్ఖో వర్ణించాడు. ఫ్లూ న్యుమోనియా తర్వాత ఈ బూజు సోకిన ఉదంతం 1952లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఆ తర్వాతా అడపాదడపా కేసులు బయటపడ్డాయి. కానీ కఫంలో బూజు కనిపిస్తే గాలిలోంచి చేరిందిలే అనుకోవడం తేలిక. ఆ తేలికపాటి నమ్మకమే చాలా ప్రాణాలు తీసి ఉంటుందని నా అనుమానం.

2009 మేలో దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు మన హైదరాబాద్‌లోనే తేలింది. అమెరికా నుంచి వచ్చిన ఆ యువకుడికి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చికిత్స చేశారు. 2015 జనవరిలో నగరం మళ్లీ వణికింది. అప్పుడు ఎవరి నోట విన్నా వైరస్, మాస్కు, టామీఫ్లూ.

ఆ రెండు సంఘటనల మధ్యలో, 2012లో, బెల్జియం వైద్యులు ఐసీయూలో చేరిన 40 మంది స్వైన్‌ఫ్లూ రోగుల రికార్డులు తిరగేస్తే 9 మందిలో ఆస్పర్‌జిల్లస్ ఆనవాళ్లు కనిపించాయి. 2018లో బెల్జియం, నెదర్లాండ్స్‌లోని ఏడు ఐసీయూల లెక్క వచ్చింది: 432 మంది ఫ్లూ రోగుల్లో 83 మందికి బూజు. వారిలో 90 రోజుల్లోపు 51 శాతం చనిపోయారు. బూజు సోకనివారిలో 28 శాతం. మరీ కలవరపెట్టేది దాని వేగం. బూజు సోకినవారిలో సుమారు సగం మందికి ఐసీయూకి వచ్చిన మూడు రోజులకే అది బయటపడింది. ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపొరను పాడుచేసి, బూజు బీజాలను మింగే రక్షకకణాల సత్తువ తగ్గిస్తుంది. స్టెరాయిడ్లు వాడితే దారి ఇంకా సుగమమవుతుంది. ఎక్స్‌రే చూసి దీన్ని తేల్చలేం. బ్రాంకోస్కోప్‌తో ఊపిరితిత్తిని కడిగి, ఆ ద్రవంలో బూజు ఆనవాలు పట్టే గెలాక్టోమానన్ పరీక్ష చేయాలి.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ప్రధాన కేంద్రమైంది. ఆ మేలో తెలంగాణ దాన్ని తప్పక తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. అయితే అది కొవిడ్ వెనక వచ్చిన మ్యూకర్ జాతి. ఎక్కువగా ముక్కు, సైనస్, కంటి మీద దాడి చేసింది. దాని మందైన ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం జనం ఊరంతా తిరిగారు. 2002 నుంచి ఆస్పర్‌జిల్లస్‌కు మొదట వాడుతున్న వోరికొనజోల్, మ్యూకర్ మీద పనిచేయదు. కాబట్టి ఐసీయూలో ఫ్లూ రోగి ఊపిరి ఉన్నట్టుండి దిగజారితే, బూజు ఉందా అనే కాదు, ఏ బూజో కూడా ల్యాబ్ త్వరగా చెప్పగలగాలి.