వెలుగు ఆరిన డయలులో ఆరని రేడియము

పాత సైనిక గడియారములను సేకరించువారికి 1945 వ సంవత్సరము ముఖ్యమైనది. ఆ యేట బ్రిటిషు సైన్యమునకు 12 కంపెనీలు ఒకే నమూనా ననుసరించి చేతి గడియారములను చేసి యిచ్చినవి. నల్లని డయలు, నీరు చొరని పెట్టె, వెనుక మూతపై ప్రభుత్వపు బాణపు గుర్తు - ఇవి వాని లక్షణములు. పన్నెండింటిని ఒక్కచోట చేర్చవలెనని సేకరించువారి కోరిక. గ్రానా కంపెనీవి మిక్కిలి తక్కువగా తయారైనందున చాలమంది పదకొండింటితోనే ఆగిపోవుదురు.

ఈ గడియారముల అంకెలు, ముళ్లు చీకటిలో వెలుగునట్లు చేయబడినవి. ఈ అవసరము మొదటి ప్రపంచ యుద్ధము నాటిది. ఫిరంగులు ఆగిన క్షణముననే కాల్బలము కందకము దాటి సాగవలెను. రాత్రి వేళ చూచుటకు అగ్గిపుల్ల గీచినచో శత్రువునకు గురి దొరకును. అందుచే రేడియమును జింకు సల్ఫైడుతో కలిపి డయలుపై పూసిరి. రేడియము విడుచు ఆల్ఫా కణము జింకు సల్ఫైడు స్ఫటికమును తాకినప్పుడు ఒక చిన్న మెరుపు పుట్టును. అట్టి మెరుపులు లెక్కకు మిక్కిలిగా కలిసి, నిలుకడ గల వెలుగువలె కనబడును.

ఆ రంగు పూసినవారు చాలవరకు యువతులు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ఆరెంజి పట్టణములో 1917 నుండి వారు కుంచె కొనను పెదవులతో సన్నము చేసికొనుచు అంకెలు దిద్దిరి. ఫ్యాక్టరీలో వారికి నేర్పిన పద్ధతియే అది! రేడియము రసాయనిక గుణములలో కాల్షియమును పోలియుండును గనుక శరీరము దానిని ఎముకలలో దాచుకొనును. దవడలు కుళ్ళి, రక్తము క్షీణించి పలువురు మరణించిరి. ఐదుగురు స్త్రీలు వ్యాజ్యము వేసి 1928 లో పరిహారము పొందిరి.

నేడు 1945 నాటి డయలు చీకటిలో వెలుగదు. రేడియము అయిపోయినదని కొందరు తలంతురు. ఇది అపాయకరమైన భ్రమ. రేడియము అర్ధాయువు 1,600 ఏండ్లు. గడచినవి దాదాపు 80. లెక్క వేసినచో నూటికి 96 పాళ్లకు పైగా మిగిలియే యున్నది. చెడినది జింకు సల్ఫైడు. కణముల దెబ్బలకు దాని స్ఫటికములు పాడైనవి. వత్తి కాలిపోయినది, నూనె అట్లే యున్నది.

అద్దము బిగించియున్నంతవరకు ఆల్ఫా కణములు వెలుపలికి రావు. గామా కిరణములు కొంత వచ్చును. మూత తీసి, ఎండి రాలుచున్న రంగును గోకుటయే పెద్ద ముప్పు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరును. రేడియము నుండి పుట్టు రేడాన్ వాయువు కూడ సందులనుండి వెలువడి, మూసిన బీరువాలో పోగగును. 1960 దశకములో రేడియమునకు బదులు ట్రిటియము వచ్చినది; బ్రిటిషు సైనిక డయలుపై వృత్తములోని 'టి' అక్షరము దానికి గుర్తు. దాని అర్ధాయువు 12.3 ఏండ్లు మాత్రమే గనుక 1965 నాటి డయలులో నేడు సుమారు ముప్పదవ వంతే మిగిలియుండును. వెలుగని ఈ రెండు గడియారములను ప్రక్కప్రక్కన పెట్టి గైగర్ కౌంటరును దగ్గరకు తెచ్చినచో, అది చిటచిట మ్రోగునది 1945 నాటి దానివద్దనే.