బేరోజ్‌గార్ సాలిం అలీ

మన ఇళ్లల్లో మగపిల్లాడికి ముప్ఫై దాటితే అందరూ అడిగే సవాల్ ఒకటే: "నౌకరీ పక్కాయేనా?" నలభై దగ్గర పడితే అది కూడా అడగరు. దుకాణమైతే దుకాణం, దఫ్తర్ అయితే దఫ్తర్, ఇక అక్కడే జిందగీ అనుకుంటారు. ఆ వయసులో ఎవరైనా "నాకు అడవులంటే, పరిందాలంటే షౌక్, ఇక అదే పని చేసుకుంటాను" అంటే అమ్మీ నమాజ్ తర్వాత దువా ఇంకాస్త పొడుగు చేస్తుంది. సుస్రాల్‌లో గుసగుసలు మొదలవుతాయి. ఆ ఫికర్‌ని నేను తప్పు పట్టను. బీవీ పిల్లలకు హలాల్ రోజీ తెచ్చిపెట్టడం చిన్న జిమ్మేదారీ కాదు. కానీ దాదాపు వందేళ్ల కింద ఇదే ఇమ్తెహాన్‌లో పడిన ఒక మనిషి ఉన్నాడు. ఆయన దారి మన హైదరాబాద్ రియాసత్ మీదుగానే మలుపు తిరిగింది.

సాలిం అలీ సాబ్ 1896 నవంబర్ 12న బంబయిలో పుట్టారు. ఊహ తెలియక ముందే అబ్బా, అమ్మీ ఇద్దరూ ఇంతెఖాల్ అయ్యారు. మామూ అమీరుద్దీన్ తయ్యబ్‌జీ ఇంట్లో పెరిగారు. మామూకి షికార్ షౌక్. పిల్లాడి చేతిలో ఎయిర్‌గన్. పదేళ్ల వయసులో ఓ రోజు పిచ్చుకను కొట్టాడు. చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ. ఇది తినడం జాయెజేనా అని మామూని అడిగాడు. అది ఏ పిట్టో మామూకీ తెలియలేదు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ సెక్రెటరీ మిల్లర్డ్‌కు చీటీ రాసిచ్చి పంపాడు. మిల్లర్డ్ దాని పేరు చెప్పి, బీరువాలు తెరిచి, మసాలా పెట్టి దాచిన వందల పరిందాలను పిల్లాడికి చూపించాడు. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత, 1985లో, సాలిం అలీ తన ఆపబీతీ రాసుకున్నప్పుడు దాని పేరులో కూడా ఆ నేల రాలిన పిచ్చుకే ఉంది.

షౌక్ ఉంది కదా అని దారి సాఫ్‌గా సాగలేదు. 1913లో మెట్రిక్ అతికష్టం మీద గట్టెక్కింది. సెయింట్ జేవియర్స్ కాలేజీలో మొదటి ఏడాదే చదువు ఆపేసి, బర్మాలోని తవోయ్‌కి వెళ్లారు. అక్కడ ఖాందాన్‌కి వుల్‌ఫ్రం గనుల కారోబార్, కలప కారోబార్ ఉండేవి. కారోబార్ కన్నా చుట్టూ ఉన్న అడవే ఆయనకు ఎక్కువ నేర్పింది. తిరిగొచ్చాక ఒక పక్క కామర్స్ కాలేజీలో వ్యాపార చట్టం, లెక్కలు, ఇంకో పక్క జేవియర్స్‌లో జువాలజీ. 1918 డిసెంబర్‌లో తెహ్మీనా బేగంతో నికాహ్ అయ్యింది.

జువాలాజికల్ సర్వేలో పరిందాల నిపుణుడి ఉద్యోగం ఖాళీ ఉందంటే దర్ఖాస్తు పెట్టుకున్నారు. యూనివర్సిటీ సనద్ లేదని ఆయనకు ఇవ్వలేదు. 1926లో బంబయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ పని దొరికింది. నెలకు 350 రూపాయల తన్ఖా, ఆ రోజుల్లో బాగా ఇజ్జత్ ఉన్న రకం. రెండేళ్లకే సాలిం అలీకి తన ఇల్మ్ చాలదనిపించింది. 1928లో సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లారు. అక్కడి జువాలజీ మ్యూజియంలో ఎర్విన్ ష్ట్రెసెమాన్ దగ్గర శాగిర్దీ చేశారు. పరిందాన్ని చంపి పేరు పెట్టడంతో పని అయిపోదని, అది ఎలా బతుకుతుందో చూడాలని నేర్పిన ఉస్తాద్ ఆయనే.

1930లో తిరిగొచ్చేసరికి మ్యూజియంలో కుర్చీయే లేదు. పైసల తంగీ వల్ల ఆ ఉద్యోగాన్నే తీసేశారు. మిగిలింది ముప్ఫై దాటిన బేరోజ్‌గార్, పక్కన బీవీ. సనద్ లేదు, తన్ఖా లేదు. బంబయిలో ఇల్లు నడపడం కష్టమై దంపతులు సముద్రం ఒడ్డున ఉన్న కిహీం అనే పల్లెకు వెళ్లిపోయారు.

బేరోజ్‌గారీలో చాలామంది కుమిలిపోతారు. ఈయన గిజిగాడి గూళ్ల ముందు కూర్చున్నారు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపుతుంది, ఆడది వచ్చి తనిఖీ చేసి ఖుబూల్ అంటేనే మిగతా సగం పూర్తి చేస్తుంది, ఆ తర్వాత ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో జోడీని వెతుక్కుంటుంది. మన తాటిచెట్లకూ బావుల మీది కొమ్మలకూ వేలాడే గూళ్లలో ఇంత హిసాబ్ ఉందని ప్రపంచానికి వివరంగా చెప్పింది ఈ ఖాళీ మనిషే.

ఆ తర్వాత వేసిన అడుగు మీదనే నా ధ్యాస ఎప్పుడూ ఆగుతుంది. దేశీ రియాసత్‌లలో ఏ పరిందాలు ఉన్నాయో సరైన లెక్క లేదు. సాలిం అలీ ఏమన్నారంటే, నాకు తన్ఖా వద్దు, తిరగడానికి, ఖేమా వేసుకోవడానికి ఖర్చు ఇస్తే చాలు, మీ రియాసత్ పరిందాలను లెక్క కట్టి ఇస్తాను. నిజాం హుకూమత్ ఇజాజత్ ఇచ్చింది. 1931లో, ముప్ఫై అయిదో ఏట, హైదరాబాద్ రియాసత్ సర్వే మొదలైంది. తెహ్మీనా బేగం ఖేమాలో కూడా తోడున్నారు. నాలుగ్గోడల మధ్య ఖాతరీగా బతికే అవకాశం వదులుకుని, ఎడ్లబండ్ల దారుల్లో నడిచిన ఆ బీబీ పేరు ఈ చరిత్రలో చాలా చిన్న అక్షరాల్లో కనబడుతుంది. సర్వే నివేదిక సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చయింది. ఆ తర్వాత తిరువాన్కూర్, కొచ్చి, గ్వాలియర్, ఇందోర్, భోపాల్ రియాసత్‌ల దర్వాజాలు తెరుచుకున్నాయి. 1939లో ఓ చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా బేగం ఇంతెఖాల్ అయ్యారు. సాలిం అలీ మళ్లీ నికాహ్ చేసుకోలేదు. రెండేళ్లకు, 1941లో, మామూలు మనిషి చేతిలో పెట్టుకుని పిట్టను గుర్తుపట్టగలిగే పరిందాల కితాబ్ వచ్చింది.

షికారీ చేతులు హిఫాజత్‌కు మళ్లడం ఒక్కరోజులో జరిగేది కాదు. సర్వేల్లో ఆయన కూడా నమూనాల కోసం పరిందాలను కాల్చినవారే. కానీ ఏది అవసరం, ఏది తమాషా అన్న తేడా ఆయనకు తెలుసు. 1938 నవంబర్ 12న, ఆయన 42వ పుట్టినరోజునే, భరత్‌పూర్ చిత్తడి నేలల్లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పరిందాలను నేలకూల్చింది. ఆజాదీ తర్వాత ఆ నీళ్లను తోడేసి పొలాలు చేయాలన్న డిమాండ్ వస్తే, అడ్డు నిలబడినవారిలో సాలిం అలీ ముందున్నారు. అది ఇప్పుడు కేవలాదేవ్ నేషనల్ పార్క్.

అక్కడే ఇంకో సబక్ కూడా ఉంది. 1982లో ఆ పార్కులో పశువుల మేత బంద్ చేశారు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సాలిం అలీ సొంత సొసైటీ తర్వాత చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, గేదెలు మేయకపోతే గడ్డి పెరిగి నీళ్లను కమ్మేస్తోంది, దాంతో పరిందాలకే నుక్సాన్. హిఫాజత్ చేసే అఫ్సర్‌కు పరిందా భాష ఎంత అవసరమో, గేదెలు కాచే మనిషి భాష కూడా అంతే అవసరమని ఆ ఊళ్లు ఖరీదైన మూల్యం కట్టి నేర్పాయి.

ఆ రెండో భాష తెలిసినవాళ్లు సొసైటీలోనే ఉన్నారు. బిహార్‌లో మీర్‌షికార్ అనే ముస్లిం బిరాదరీ ఉంది. తరతరాలుగా పరిందాలను వలేసి పట్టడం వాళ్ల పేషా. అలీ హుసేన్ ఆ బిరాదరీ మనిషే. పరిందాల కాళ్లకు ఉంగరాలు తొడిగి వలస దారులు తెలుసుకునే పనిలో, వాటికి దెబ్బ తగలకుండా పట్టడానికి ఆయన హునర్ దశాబ్దాలపాటు సొసైటీకి పనికొచ్చింది. పేషా మారింది, హునర్ మారలేదు.

మన కడప జిల్లాలో కూడా ఇదే నడిచింది. కలివి కోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లి పొదల్లో దాన్ని రాత్రిపూట దీపం వెలుగులో పట్టింది ఊరి వేటగాడు ఐతన్న. సొసైటీ పంపిన భరత్ భూషణ్ గుర్తుపట్టారు. ఆ నేల తర్వాత లంకమల్లేశ్వర అభయారణ్యం అయ్యింది. సాలిం అలీ అప్పటికి తొంభైకి దగ్గర్లో ఉన్నారు. ఖబర్ విని వెళ్లినవారే. 1987లో ఇంతెఖాల్ అయ్యారు. సనద్ లేదని నౌకరీ దక్కని మనిషికి అలీగఢ్, ఢిల్లీ, మన ఆంధ్రా యూనివర్సిటీలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి.

ఇవాళ నలభైలో ఉన్న భాయ్‌కి ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ దర్వాజా బంద్ అయినట్టే. జనరల్ కోటాలో 32 ఏళ్లే హద్దు. కానీ 1972 వన్యప్రాణి చట్టంలో ఆనరరీ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనే హోదా ఉంది. తన్ఖా లేని ఖిద్మత్ అది. రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. దుకాణం మూయక్కర్లేదు, నౌకరీ వదలక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా ఈ మాట తెస్తే, ముందు రోజీ హిసాబ్ అడగండి, అది మీ హక్కు. ఆ తర్వాత మీ ఊరి చెరువు మీద ఏయే పరిందాలు వాలతాయో అడగండి. వాటి పేర్లు చెప్పగలిగితే, అతని పని మొదలైపోయినట్టే.