1,600 రూపాయల ప్యాకెట్, జహీరాబాద్ గుమ్మి

అన్నలూ, అక్కలూ, జీఎం మంచిదా సేంద్రియం మంచిదా అని కొట్లాడుకునే ముందు మన జిల్లా సంగతి వినుండ్రి.

పటాన్‌చెరుకు ఇక్రిశాట్ 1972లో వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి పంటల విత్తనాలు లక్షకు పైగా నమూనాలు అక్కడి చల్లటి గదుల్లో ఉన్నయి. అదే బొంబాయి రోడ్డు మీద ఇంకా ముందుకుపోతే జహీరాబాద్. 1983లో మొదలైన డీడీఎస్ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి ఇంట్లోనే దాస్తరు. అప్పుగా ఇస్తరు, పంటొచ్చాక కొంచెం ఎక్కువ కలిపి తీసుకుంటరు. పైసల మాటే లేదు.

2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతిచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,600 పైమాటే. మరుసటేడు ఈ ఆడవాళ్లే కెమెరా పట్టుకుని వరంగల్ పత్తి రైతుల కోపం మీద సినిమా తీసిన్రు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కు ఎక్కినంకనే ధర రూ.750కి దిగింది.

నిజం చెప్పాలె, మొదట్లో కాయపురుగు మందు ఖర్చు తగ్గింది. తర్వాత గులాబీ పురుగు దానికీ అలవాటుపడ్డది. నా లెక్కలో మాత్రం అసలు దెబ్బ జన్యువు కాదు. బీటీ మనకు హైబ్రిడ్‌లో వచ్చింది. ఆ గింజ దాచి మళ్లీ వేస్తే పంట సమంగా రాదు, ఏటేటా కొనుడే. పత్తి రైతు ఇంట్ల విత్తనపు గుమ్మి ఖాళీ అయ్యింది అక్కడనే.

మీ ఊళ్లో ఇంకా ఎవరి గుమ్మిలో ఏ విత్తనం ఉన్నది?